భరోసా పెట్టుకున్నాం, పేరు రాయించలేదు

ఆ ఏడు బక్రీద్ రోజు మా ఆయన కలేజీ ముక్క నోట్లో పెట్టుకుని, నమలకుండానే తీసి పళ్ళెం అంచున పెట్టేశారు. ఖుర్బానీ అయిన వెంటనే మిరియాలు దంచి వేయించే కలేజీ, అదే మేక కార్జం, అంటే ఆయనకి ప్రాణం. ఉప్పు ఎక్కువైందేమోనని నేను రుచి చూశాను. బాగానే ఉంది.

"ఏటో డీజిల్ వాసనొత్తంది షమీమ్. నాకొద్దు," అన్నారు.

"రోజంతా ఇంజన్లలో చేతులు పెట్టేవాళ్ళకి అన్నం కూడా డీజిల్ వాసనే వస్తుంది," అని నవ్వేశాను. ఆయన నవ్వలేదు. పళ్ళెం పక్కకి జరిపి గోడకి జారబడి కూర్చున్నారు. పండగ పూట ఆయన అలా కూర్చోవడం నాకు మొదటిసారి తేడాగా అనిపించింది.

మా ఆయన పేరు జిలానీ. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఇంజన్లు బాగుచేస్తారు. మాది వన్‌టౌన్. ఇంట్లో సగం ఉర్దూ, సగం తెలుగు. పండగ వెళ్ళాక కూడా ఆయన తిండి కుదుటపడలేదు. పొద్దున లేచేసరికి కళ్ళ కింద ఉబ్బు. సాయంత్రానికి చెప్పులు పట్టనంతగా పాదాలు పొంగేవి. ఒళ్ళంతా దురద. హార్బర్ నుంచి ఇంటికి నడిచి వస్తే గుమ్మంలోనే కూలబడేవారు.

ఆయనకి బీపీ ఉందని డాక్టర్లు ఎప్పుడో చెప్పారు. మాత్రలు కూడా రాశారు. ఆయన వాటిని తలనొప్పి వచ్చినప్పుడు వేసుకునేవారు. నొప్పి తగ్గితే "అల్లా ఉన్నాడులే" అని స్ట్రిప్ అటక మీద పడేసేవారు. ఇదే మనిషి ఆయిల్ చూడకుండా ఒక్క బోటుని కూడా వేటకి పంపలేదు. తొందరపడే సరంగుల మీద, బోటు నడిపేవాళ్ళ మీద, కేకలేసేవారు. ఇంజన్ మీద ఉన్న ఆ జాగ్రత్తలో కాస్త ఒంటి మీద ఉంటే నేను ఇవాళ ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

సీతమ్మధారలో ఒక క్లినిక్‌కి తీసుకెళ్ళాను. రక్తం తీశారు, స్కాన్ చేశారు. రిపోర్టులు చూసిన డాక్టర్ గారు కిడ్నీలు చూసే నెఫ్రాలజిస్టుకి చీటీ రాసిచ్చారు. ఆ నెఫ్రాలజిస్టు పెద్దావిడ. మేము మేడం అనేవాళ్ళం. దాచకుండా చెప్పే మనిషి.

"క్రియాటినిన్ ఒకటి దగ్గరుండాలి, పదకొండు దాటింది. రెండు కిడ్నీలూ బాగా చిన్నవైపోయాయి. ఇది నిన్న మొన్న మొదలైంది కాదమ్మా. బీపీ లోపల్లోపలే పాడుచేసింది."

"మందులతో తగ్గదా మేడం?"

"ఆ దశ దాటిపోయారు. డయాలసిస్ మొదలుపెడదాం. తర్వాత ట్రాన్స్‌ప్లాంట్ గురించి చూద్దాం. ఇంట్లో ఎవరైనా కిడ్నీ ఇస్తే మంచిది. ఇచ్చేవాళ్ళున్నా లేకపోయినా వెయిటింగ్ లిస్టులో పేరు మాత్రం వెంటనే రాయించేయండి. చనిపోయినవాళ్ళు దానం చేసినవి ఆ లిస్టు ప్రకారం ఇస్తారు. అది ఒక దారి, ఇది ఒక దారి."

ఆవిడ ఆ మాట చెప్పినప్పుడు నేను తలూపాను కూడా. వినలేదని చెప్పడానికి లేదు, ఇద్దరం విన్నాం.

మొదట మెడలో కాథెటర్ గొట్టం వేసి డయాలసిస్ చేశారు. తర్వాత డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఎడమ చేతిలో రక్తనాళాలు కలిపి ఫిస్టులా ఆపరేషన్ చేశారు. ఆ చెయ్యి మీద చెవి పెడితే లోపల గుర్రుమని రక్తం పరుగెడుతున్న చప్పుడు వినపడేది. "ఇంజను ఐడ్లింగ్‌లో ఉంది, ఇనుకో," అని నవ్వించాలని చూసేవారు మా ఆయన. వారానికి మూడుసార్లు, పోయిన ప్రతిసారీ నాలుగు గంటలు. ఉప్పు లేదు, అరటిపండు లేదు, కొబ్బరినీళ్ళు లేవు. అన్నిటికన్నా కష్టం నీళ్ళు. టీ, మజ్జిగ, చారు, మాత్ర మింగే గుక్క, అన్నీ కలిపి రోజుకి ముప్పావు లీటరు. నేను పొద్దున్నే ఒక సీసాలో కొలిచి పెట్టేదాన్ని. ఆయన దేంట్లో ఏం తాగినా ఆ మేరకు సీసాలోంచి ఒంపేసేదాన్ని. విశాఖలో మే నెల ఎండ, పైన సముద్రపు ఉక్క. సీసా వైపు ఆయన చూసే చూపు నేను చూడలేకపోయేదాన్ని.

డయాలసిస్‌లో పక్క మంచం మీద పెందుర్తి నుంచి వచ్చే అప్పలనాయుడు గారుండేవారు. ఊళ్ళో కాస్త పొలం, ఇక్కడ ఒక కాలేజీలో వాచ్‌మన్ ఉద్యోగం. ఇద్దరూ ఒకే నెలలో మొదలుపెట్టారు, ఇద్దరి రక్తమూ ఓ పాజిటివే. వారం తిరక్కుండానే బావా అంటే బావా అనుకున్నారు.

"పేరు రాయించీసావేటి బావా?" అని ఒకరోజు అడిగారాయన.

"మా అన్న ఇత్తానన్నాడు బావా. మల్లీ లిస్టెందుకు?"

"మంచిదే. నాను సింహాద్రప్పన్నకి మొక్కీసుకున్నాను. ఆపీసుకెల్లి పేరు కూడా ఇచ్చీసొచ్చాను. మొక్కు మొక్కే, పేరు పేరే కదా మరి."

మా ఆయన నవ్వారు.

అన్న అంటే ఖాదర్ భాయ్. మా ఆయన కన్నా కొంచెం పెద్ద. పూర్ణా మార్కెట్ దగ్గర తాళ్ళు, పెయింట్లు, ఇనుప సామాను అమ్మే పెద్ద దుకాణం ఆయనది. మసీదులో ముందు వరసలో నిలబడే మనిషి. నా రక్తం గ్రూప్ బి అని తేలి, నేను ఇవ్వడానికి కుదరదని మేడం చెప్పిన వారం, శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక ఆయన మా ఇంటికొచ్చారు. బంధువులందరూ ఉన్నారు. తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి అన్నారు.

"నానుండగా నా తమ్ముడు ఎవరి ముందరా సెయ్యి సాపక్కర్లేదు. నా కిడ్నీ ఇత్తాను. అల్లా మీద భరోసా పెట్టు జిలానీ. నువ్వేటీ బెంగెట్టుకోకు."

అందరూ కళ్ళు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను. ఆయన రక్తం కూడా ఓ పాజిటివే అని మర్నాడే తేలింది. దువా ఇంత త్వరగా ఫలించిందా అనుకుని అల్లాకి కృతజ్ఞతగా రెండు రకాతులు షుకరానా నమాజు చదివాను.

అయినా మేడం మాట నా చెవిలో ఉంది. లిస్టు సంగతి ఎత్తితే మా ఆయన ఒప్పుకోలేదు.

"అందరి ముందూ మాటిచ్చాడు షమీమ్. ఇప్పుడెల్లి పేరు రాయిత్తే అన్నని నమ్మనట్టు కాదా? రేపు ఆఫీసోల్లు ఫోన్ సేత్తే ఆయన మొహమెలా సూడాలి? అల్లా మీద భరోసా పెట్టానని సెప్పి, ఎనక దారి ఎతుక్కున్నట్టుంటాది."

బయటివాళ్ళకి ఇది వింతగా ఉండొచ్చు. మా ఇళ్ళల్లో ఇది వింత కాదు. మాటిచ్చిన పెద్దవాడి ముందు ఇంకో దారి చూసుకోవడం అంటే ఆయన్ని అవమానించడమే. పైగా ఆయన అల్లా పేరెత్తి ఇచ్చిన మాట. నేను మళ్ళీ లిస్టు మాట ఎత్తలేదు.

ఇక మొదలైంది. కిడ్నీ సరిపడుతుందో లేదో చూసే క్రాస్ మ్యాచ్ టెస్టుకి రమ్మంటే దుకాణంలో స్టాకు దిగుతోందన్నారు ఖాదర్ భాయ్. స్టాకు దిగాక మరదలి కూతురి నిఖా. నిఖా అయ్యాక రంజాన్. ఈలోపు మా ఆయనకి కాథెటర్ తీసినచోట ఇన్ఫెక్షన్ వచ్చి చలిజ్వరంతో వణికిపోయారు. ఫిస్టులా ఒకసారి మూసుకుపోతే మళ్ళీ తెరిచారు. హార్బర్‌లో ఆయన ఖాతాలన్నీ ఒక్కొక్కటే వేరే మెకానిక్కుల దగ్గరికి పోయాయి. రోజా ఉపవాసాలు ఉండొద్దని మేడం చెప్పారు, జబ్బు మనిషికి మినహాయింపు ఉందని మా మసీదు హజ్రత్ కూడా చెప్పారు. అయినా ఇఫ్తార్ వేళ అందరూ షర్బత్ గ్లాసులు ఎత్తుతుంటే ఆయన చిన్న కప్పు పట్టుకుని తల దించుకుని కూర్చున్నారు. ఆ నెలంతా అంతే.

రంజాన్ అయింది. మళ్ళీ బక్రీద్ కూడా వెళ్ళి మూడు నెలలయ్యాక ఖాదర్ భాయ్ ఉమ్రాకి, అంటే మక్కా యాత్రకి, ప్రయాణం కట్టారు.

"కాబా ముందర నిలబడి నీ కోసం దువా సేసి వొత్తాను. వొచ్చాక మిగతా టెస్టులన్నీ అయిపోతాయి. ఇన్నాల్లు ఆగాం, ఇంకొన్నాల్లు ఆగలేమా?"

ఇంక దానికి ఏమంటాం? తమ్ముడి కోసం అల్లా ఇంటికి వెళ్తున్న మనిషిని, ముందు హాస్పిటల్‌కి పద అని ఎవరంటారు? స్టేషన్ దాకా వెళ్ళి దండ వేసి మరీ సాగనంపాం.

తిరిగి వచ్చాక ఆయన నేరుగా మా ఇంటికే వచ్చారు. చేతిలో మక్కా బావిలోని పవిత్రమైన జమ్‌జమ్ నీళ్ళ క్యాను, ఒక డబ్బా నిండా అజ్వా ఖర్జూరాలు. మా ఆయన మొహం వెలిగిపోయింది. ఖాదర్ భాయ్ పెద్ద గ్లాసు తెప్పించి అంచు దాకా పోశారు.

"లే, కిబ్లా వైపు తిరిగి దువా సేసుకుని కడుపునిండా తాగు."

"భాయ్‌జాన్, ఆయనకి నీళ్ళు కొలిచి ఇవ్వాలి," అన్నాను.

"జమ్‌జమ్‌కి కొలతేటమ్మా? ఇవి నీల్లనుకుంటన్నావా? ఇది షిఫా, రోగాలకి మందు."

ఏడాదిగా గుక్కెడు నీళ్ళకి మొహం వాచిపోయిన మనిషి ఆ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఆగి ఆగి తాగారు. గొంతు కదలడం చూస్తూ నిలబడ్డాను. ఆ గ్లాసు లాక్కునే కఠినం నాకు లేకపోయింది. ఖాదర్ భాయ్ వెళ్ళాక క్యాను మంచం పక్కనే ఉండిపోయింది. ఆ రాత్రీ, మర్నాడు పగలూ నేను వంటింట్లో ఉన్నప్పుడల్లా మూత తిప్పిన చప్పుడు వినపడేది.

"ఇది లెక్కలో ఎయ్యకు షమీమ్. ఇది మామూలు నీల్లు కాదు," అన్నారు, ఖర్జూరం చప్పరిస్తూ.

మర్నాడు సాయంత్రం అసర్ నమాజుకి నిలబడి, రుకూలోకి వంగబోయి వంగలేకపోయారు. ఊపిరి అందడం లేదని చేత్తో చూపించారు. పడుకోబెడితే ఇంకా ఎక్కువైంది. దగ్గితే గులాబీరంగు నురగ వచ్చింది. అంబులెన్స్‌లో ఆయన నా చెయ్యి పట్టుకున్న పట్టు ఇప్పటికీ గుర్తే. నీళ్ళలో మునిగిపోయేవాళ్ళు అలాగే పట్టుకుంటారట.

ఐసీయూలో మొహానికి ఊపిరి అందించే బైపాప్ మాస్క్ పెట్టి, ఎమర్జెన్సీ డయాలసిస్ చేశారు. మేడం బయటికి వచ్చి అడిగారు.

"లంగ్స్ నిండా నీళ్ళున్నాయి. పొటాషియం కూడా చాలా ఎక్కువగా ఉంది. ఏం తిన్నారు, ఏం తాగారు?"

చెప్పాను. ఆవిడ కేకలేస్తారనుకున్నాను. వెయ్యలేదు.

"ఖర్జూరం అసలు పెట్టకూడదు. పొటాషియం పెరిగితే గుండె ఆగిపోతుంది. నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయో లంగ్స్‌కి తెలీదమ్మా. మీ నమ్మకాన్ని నేనేమీ అనను. కానీ ఆ నీళ్ళు కూడా కొలిచి ఇవ్వండి."

జమ్‌జమ్ తప్పేం లేదు. దానికి కొలత లేదన్న మనిషిదే తప్పు.

ఆ మనిషి ఐసీయూ బయట కుర్చీలో తస్బీహ్ పూసలు తిప్పుతూ కూర్చున్నారు. నేను రాగానే, "అంతా అల్లా సేతిలో ఉందమ్మా. భరోసా పెట్టు," అన్నారు.

"పెట్టాను భాయ్‌జాన్. క్రాస్ మ్యాచ్‌కి ఎప్పుడొస్తారు?"

ఆయన తస్బీహ్ తిప్పడం ఆపారు. తర్వాత అసలు సంగతి బయటపెట్టారు.

"ఈ శరీరం అల్లా దాచమని ఇచ్చిన అమానత్. దీన్ని కోసి ఇచ్చే హక్కు నాకుందా అని ఆలోసిత్తన్నాను. ఉమ్రాలో కూడా ఇదే ఆలోసన. మీ భాభీ కూడా ఒప్పుకోటం లేదు. ఏదో దారి అల్లాయే సూపిత్తాడు."

ప్రాణం నిలపడానికి ఇవ్వొచ్చని చాలామంది పెద్దలు ఒప్పుకున్నారని హజ్రత్ మాకు ముందే చెప్పారు. అప్పుడు ఈయన మా పక్కనే కూర్చుని విన్నారు.

"అందరి ముందూ మాటిచ్చిన రోజు ఇది అమానత్ కాదా భాయ్‌జాన్?"

"నీకు అల్లా మీద తవక్కుల్, నమ్మకం తక్కువైపోయిందమ్మా. కష్టంలోనే ఈమాన్ తెలుస్తాది."

"మీ దుకాణం షట్టర్‌కి రెండు తాళాలున్నాయి, లోపల కెమెరా ఉంది. అక్కడ అల్లాకి వదిలెయ్యరేం? నమాజు ఖుబూల్ చేసేది అల్లాయే. ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూ మాత్రం ఎవరిది వాళ్ళే చేసుకోవాలి కదా. మన వంతు చెయ్యకుండా ఆయన మీద వదిలేస్తే దాన్ని భరోసా అంటారా?"

ఆయన తస్బీహ్ జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

ఒక మాట చెప్పాలి. ఆయన భయపడినందుకు నాకు కోపం లేదు. ఒంట్లోంచి ఒక అవయవం తీసి ఇవ్వడానికి ఎవరికైనా భయమే. "షమీమ్, నాకు భయమేస్తంది, నా వల్ల కాదు" అని మొదటి నెలలో అనుంటే, ఆయన చెయ్యి పట్టుకుని పర్వాలేదు భాయ్‌జాన్ అనేదాన్ని. ఆయన భయానికి అల్లా పేరు కప్పారు. ఏడాది పైగా మాకు ఆ కప్పు మాత్రమే కనిపించింది.

మా ఆయనకి మాస్క్ తీసిన రోజు చెప్పాను, అన్న ఇవ్వడని. "భయపడ్డాడు షమీమ్. పోన్లే," అన్నారు. ఆయన పోన్లే అనగలరు. నేను అనలేను.

ఇంటికి వచ్చిన వారమే నేనే ట్రాన్స్‌ప్లాంట్ లిస్టు ఆఫీసుకి వెళ్ళి పేరు రాయించాను. అక్కడి కోఆర్డినేటర్ అమ్మాయి కాగితాలు చూసి, "ఏడాది దాటింది కదా ఆంటీ డయాలసిస్ మొదలై, అప్పుడే రావాల్సింది. సీనియారిటీ ఇవాళ్టి నుంచే వస్తుంది," అంది. ఆ అమ్మాయికి నేనేం చెప్పను? మా ఇంట్లో మాట విలువ ఎక్కువ అని చెప్పనా?

ఆ తర్వాత కొన్నాళ్ళకి అప్పలనాయుడు గారికి కిడ్నీ దొరికిందని ఫోన్ వచ్చింది. ట్రాన్స్‌ప్లాంట్ బాగా జరిగింది. కోలుకున్నాక మొహానికి మాస్క్ పెట్టుకుని డయాలసిస్ యూనిట్ గుమ్మం దగ్గరికి వచ్చి, లోపలికి రాకుండా అక్కడి నుంచే మా ఆయనతో మాట్లాడారు. సింహాచలం ప్రసాదం నా చేతికిచ్చారు. మనసులో ఏం లేని మనిషి కాబట్టి అనేశారు.

"ఆ రోజే నువ్వు కూడా పేరు ఇచ్చీసుంటే ఇద్దరం ఒకేపాలి లేచీసేవోల్లమేమో బావా."

"నీకు అయ్యింది కదా బావా, అదే సాలు," అన్నారు మా ఆయన. నిజంగానే సంతోషపడ్డారు. ఇంటికి వచ్చాక మాత్రం అన్నం ముట్టలేదు, గోడ వైపు తిరిగి పడుకున్నారు. లిస్టులో రాయించిన తేదీ ఒక్కటే చూడరని, ఇంకా చాలా చూస్తారని మేడం చెప్పారు. అయినా ఆ రోజు నేను వంటింట్లో ఎంతసేపు ఏడ్చానో నాకే తెలీదు.

పోయిన చలికాలం ఖాదర్ భాయ్‌కి దుకాణంలో ఛాతీ నొప్పి వచ్చింది. కొడుకు అప్పటికప్పుడు కారులో పెద్ద హాస్పిటల్‌కి తీసుకెళ్ళాడు. ఆ పూటే యాంజియోగ్రామ్, ఆ పూటే స్టెంట్లు. చూడ్డానికి వెళ్దామని మా ఆయనే బయల్దేరదీశారు. డయాలసిస్ అయి వచ్చిన నీరసంతోనే వచ్చి, అన్న చెయ్యి పట్టుకుని, దువా చదివి మెల్లగా ఆయన ఛాతీ మీద ఊదారు.

"టైముకి తెచ్చేరు. అల్లా దయ," అన్నారు ఖాదర్ భాయ్.

"మంచి పని చేశారు భాయ్‌జాన్," అన్నాను నేను. "నొప్పి రాగానే వచ్చేశారు. ఒక్క గంట కూడా ఆగలేదు."

ఖాదర్ భాయ్ నా వైపు చూశారు, తర్వాత తమ్ముడి చేతి మీద పాములా ఉబ్బిన ఫిస్టులా వైపు చూశారు, కళ్ళు మూసుకున్నారు. ఆటోలో మా ఆయన, "అలా ఎందుకన్నావు?" అని అడిగారు. "మంచి మాటే కదా అన్నది," అన్నాను.

ఇప్పుడు మా రోజులు ఇలా ఉన్నాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. అక్కడ కుర్చీలోనే, సూదులున్న చెయ్యి కదపకుండా, తల వంచి మధ్యాహ్నపు జొహర్ నమాజు చదువుకుంటారు. మిగతా రోజుల్లో హార్బర్‌కి వెళ్ళి స్టూలు వేసుకుని కూర్చుంటారు. ఇంజన్ స్టార్ట్ చేయించి, చప్పుడు విని ఎక్కడ తేడా ఉందో చెప్తారు. చేతులు పెట్టే ఓపిక లేదు. బీపీ మాత్రలు నేనే చేతిలో వేసి, మింగేదాకా నిలబడతాను. జమ్‌జమ్ క్యానులో ఇంకా కాసిని నీళ్ళున్నాయి. ప్రతి జుమ్మా రోజు క్యాను మూతతో ఒక మూతెడు ఇస్తాను. ఆయన బిస్మిల్లా అని తాగుతారు. నేను బిస్మిల్లా అనే ఆ మేరకు సీసాలోంచి ఒంపేస్తాను. ఫోను ఎప్పుడూ ఛార్జింగ్‌లోనే ఉంటుంది. తెలియని నంబరు మోగితే ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటాం. ఇప్పటిదాకా అన్నీ లోన్లు ఇస్తామనేవాళ్ళ ఫోన్లే.

చదివేవాళ్ళకి నేను చెప్పగలిగేది ఒక్కటే. మీ ఇంట్లో ఎవరికైనా డయాలసిస్ మొదలైతే, కిడ్నీ ఇస్తానన్నది అన్నయినా, తల్లయినా, ఎవరైనా, ఆ వారంలోనే వెయిటింగ్ లిస్టులో పేరు రాయించండి. వాళ్ళు నిజంగా ఇస్తే పేరు తీసేయించుకోవచ్చు, ఎవరికీ నష్టం లేదు. వాళ్ళు నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి. పేరు రాయించి వచ్చి, నేలకి నుదురు ఆనించి సజ్దాలో పడి ఎంతసేపు కావాలంటే అంతసేపు దువా చేసుకోండి. మేము అల్లా మీద భరోసాతో ఆగామనుకున్నాం. మేము ఆగింది ఖాదర్ భాయ్ మీద భరోసాతో. అది తెలుసుకునేసరికి ఏడాది దాటిపోయింది.